కులం పోవాలంటే ఒక్క మునక చాలు

కులాన్ని పోగొట్టే దారి కోసం మహామహులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఎందుకంత శ్రమపడ్డారో తెలియదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలోనే మందు రాసిపెట్టి ఉంది: హిందూ మతం కాక వేరే మతం పాటించేవారు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను లెక్కలో కలుపుకున్నారు. క్రైస్తవులకూ ముస్లింలకూ మాత్రం మందు ఇంకా పనిచేస్తూనే ఉంది.

మోతాదు మనిషిని బట్టి. ఎస్టీలు ఏ మతంలోకి వెళ్లినా ఎస్టీలే. రెడ్డిగారు బాప్తిస్మం తొట్టిలో మునిగితే రెడ్డిగారే తేలతారు. కావాలంటే పెళ్లి ప్రకటనలు చూడండి, 'ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) రెడ్డి' అని చక్కగా అచ్చు వేస్తారు. ఒక్క మునకలో కులం నీళ్లపాలయ్యేది మాల మాదిగలకే. క్రైస్తవులైతే బదులుగా ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి, అంటే వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు, ఇస్తారు. ఎస్సీలకు రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సికి 1 శాతం. తక్కిన వివక్ష తొట్టిలోనే కరిగిపోయిందని సర్కారు వారి లెక్క. 29 ఎస్సీ అసెంబ్లీ స్థానాల్లో నామినేషన్ వేసే శ్రమ కూడా తప్పుతుంది.

ఇబ్బందల్లా ఒక్కటే, ఆ ఉత్తర్వు నకలు ఊరికి అందలేదు. చర్చి పేటలోనే ఉంది. సమాధుల దొడ్డి వేరేగానే ఉంది. తిట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి తిట్టడు. కులం పేరుతో దూషించారని ఒక పాస్టరు పెట్టిన కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. క్రైస్తవంలో చేరాక ఆయన ఎస్సీ కాదు కాబట్టి అట్రాసిటీ చట్టం వర్తించదంది. ఫిర్యాదు నిజమే అనుకుంటే, తిట్టిన నోటికి గుర్తున్న కులం చట్టానికి గుర్తు లేదు. లౌకికమంటే ఇంత మతిమరుపు ఉండాల్సిందే.

అందుకే పేటలో తెలివైనవాళ్లు రెండు పేర్లు పెట్టుకుంటారు. బడి రిజిస్టరులో వెంకటేశ్వర్లు, హిందూ-మాల, ఆదివారం ఏసుపాదం. కుల ధ్రువపత్రానికి అర్జీ పెడితే వీఆర్వో ఆరా తీస్తాడు, ఆర్‌ఐ రాస్తాడు, తహసీల్దారు సంతకం పెడతాడు. ఈలోగా ఆకాశరామన్న ఉత్తరం ఒకటి కలెక్టరాఫీసుకు చేరిందా, కుల ధ్రువపత్రాల మీద చేసిన 1993 నాటి 16వ నంబరు చట్టం కింద విచారణ మొదలు. చర్చి వారి బాప్తిస్మం రిజిస్టరు, పెళ్లి రిజిస్టరు బయటికొస్తాయి. భక్తుడు భయపడాల్సింది ఆ పుస్తకాలకే.

తిరిగి రావడానికీ దారుంది. 2015లో సుప్రీంకోర్టు మూడు రుజువులు అడిగింది: మొదట ఆ కులమేనని, పాత మతంలోకి వచ్చేశాడని, కులస్తులు కలుపుకున్నారని. ఊరు మాత్రం ఒక్క రుజువూ అడక్కుండానే కలుపుకుంటుంది, పేట దాటనివ్వదంతే.

మతం మారినవారి సంగతి తేల్చమని కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి 2 ఏళ్ల గడువిచ్చింది. చాలక పొడిగించింది. మధ్యలో 2023లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం పంపింది. ఇంత తతంగం దేనికో. మెడలో సిలువతో అద్దె ఇంటికి వెళ్తే చాలు. ఓనరమ్మ మర్యాదగా కుర్చీ వేస్తుంది, అడ్వాన్సు సంగతి చెబుతుంది, గొంతు కాస్త తగ్గించి అడుగుతుంది:

"క్రిస్టియన్లలో మీరు ఏమిట్లండీ?"