ఫోన్ల నేర్చుకున్న కాన్పు లేబర్ రూంల అక్కరకొస్తదా?

2020 మార్చిల లాక్‌డౌన్ పడంగనే రెండు పనులు ఫోనుకెక్కినయి: గర్భిణులను చూసుడు, డాక్టర్లకు నర్సులకు కాన్పు పాఠాలు చెప్పుడు. అప్పటికి వేరే దారి లేదు, ఒప్పుకుంటం. కరోనా పోయింది గని పాఠాల అలవాటు పోలే. ఇప్పటికీ చాలా చోట్ల ట్రైనింగ్ అంటే ఓ లింకు, ఆఖరికి నాలుగు ప్రశ్నలు, ఓ సర్టిఫికెట్.

ఫోన్ల ఏది నడుస్తదో ఏది నడవదో అప్పుడే తేలింది. తలనొప్పి ఉన్నదా, కండ్లు మసకబారుతున్నయా, బిడ్డ కదులుతున్నదా అని ఆశా అక్క ఫోన్ల అడగొచ్చు. ఐరన్ గోళీ చాయ్‌తోని వేసుకోవద్దని, కాల్షియంకు దానికి రెండు గంటల ఎడం పెట్టుమని చెప్పొచ్చు. కని బీపీ, హిమోగ్లోబిన్, మూత్రంల ఆల్బుమిన్ (ప్రోటీన్) ఫోన్ల కనపడవు. బిడ్డ అవయవాలు చూసే 18–20 వారాల టిఫా స్కాన్ వాయిదా వేస్తే మళ్ల దొరకదు. బీపీ పెరిగినా మొదట్ల చాలామందికి ఏమీ అనిపించదు, అందుకే "బాగనే ఉన్న మేడం" అన్న మాట నమ్మి ఊకుంటే కుదరదు.

పాఠాలదీ గదే కథ. ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ సంగతే తీసుకోండ్రి. ఫిట్స్ వచ్చిన గర్భిణిని పెద్దాస్పత్రికి పంపే ముందు కండకు ఇచ్చే మొదటి డోసు ఎంత అంటే 10 గ్రాములని అందరూ టక్కున చెప్తరు. 50 శాతం ఆంపుల్ 2 ఎంఎల్, అందుల ఉండేది 1 గ్రామే. అంటే పది ఆంపుల్స్ పగలగొట్టాలె, 10 ఎంఎల్ సిరంజీలు రెండు నింపాలె, 22 గేజీ సూదితోని ఒక్కో పిర్రకు 5 గ్రాములు లోతుగ ఇయ్యాలె. పక్కన ఆమె కొట్టుకుంటుంటే, చేతికి రెండు జతల గ్లౌజులుంటే ఆంపుల్ మెడ జారుతది. ఎన్ని పగలగొట్టినమో లెక్క తప్పుతది. ఏ స్లైడుల ఉన్నది ఈ ముచ్చట? గడువు తీరిన ఆంపుల్స్ 'డ్రిల్‌కు మాత్రమే' అని పెద్దగ రాసి, లేబర్ రూం బయట వేరే డబ్బాల పెట్టి వాటితోని డ్రిల్ (ఉత్తుత్తి సాధన) చేయించుండ్రి.

కాన్పు తర్వాత నెత్తురు పోవుడు ఇంకా ఘోరం. కంటితోని అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే చెప్తరు. అర లీటరు నీళ్లల్ల కుంకుమ కలిపి, కొంత పాత చీర మీద, కొంత ప్యాడ్ల మీద, కొంత బకెట్ల పోసి ఎంతున్నదో చెప్పమనుండ్రి. రెండు వందలనేటోళ్లే ఎక్కువ. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆస్పత్రుల్ల చేసి 2023ల బయటపెట్టిన ఈ-మోటివ్ పరిశోధనల ఇదే పట్టుకున్నరు. కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు నడుం కింద పరిచిన్రు. రక్తం ఎక్కువ పోతున్నదని తేలంగనే గర్భసంచి మసాజు, దాన్ని గట్టిపరిచే ఆక్సిటోసిన్, నెత్తురు ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒక్కసారే మొదలుపెట్టిన్రు. లీటరు దాటిన రక్తస్రావం, దానికోసం పొట్ట కోసుడు, దానివల్ల చావు అన్నీ కలిపి చూస్తే 60 శాతం తగ్గినయి. కొత్త మందు ఒక్కటి లేదు అందుల! (ఆక్సిటోసిన్ 2–8 డిగ్రీల్ల ఉండాలె. పాలమూరు ఎండల పొద్దంత ట్రే మీద పెట్టి, ఇంజక్షన్ ఇచ్చినా గర్భసంచి గట్టిపడలేదని పేషెంటును అంటే ఎట్ల?)

పీపీఈ కిట్లు ఇంకొకటి నేర్పినయి. మాస్కు వెనుక మాట సగమే వినపడతది. "ఎవరన్న ఆక్సిటోసిన్ తెండి" అంటే ఎవ్వరూ కదలరు. పేరు పెట్టి చెప్పాలె, విన్నామె డోసు తిరిగి పలకాలె, ఇచ్చినంక "ఇచ్చిన" అనాలె. ఇది వీడియో చూస్తే వచ్చేది కాదు, వారానికి పావుగంటన్న లేబర్ రూంలనే చేయాలె.

రెఫరల్ (పెద్దాస్పత్రికి పంపుడు) కూడ డ్రిల్‌ల భాగమే. 2020 ఏప్రిల్‌ల గద్వాల జిల్లా గర్భిణిని ఆస్పత్రుల చుట్టూ తిప్పుతుంటే ప్రాణం పోయింది, విషయం హైకోర్టుకెక్కింది. పంపే ముందు అవతలికి ఫోన్ చేసి, తీసుకునే డాక్టర్ పేరు రాసుకోవాలె. చీటీ మీద మెగ్నీషియం ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చిన్రో ఉండాలె. లేకుంటే అవతలి ఆస్పత్రిల దిగినంక మళ్ల మొదటి డోసే ఎక్కిస్తరు, మందు ఎక్కువై మోకాలి కింద సుత్తితోని తట్టినా కాలు ఎగరదు, ఆ తర్వాత శ్వాస తగ్గుతది. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ 10 శాతంది 10 ఎంఎల్, మెల్లగ నరంల ఇయ్యాలె. ఆ ఆంపుల్ గూడ అదే ట్రేల ఉండాలె.

డ్రిల్‌కు డాక్టర్లు, నర్సులే సాలరు. 108 పైలట్‌ను (అంబులెన్స్ డ్రైవరును), ఆయమ్మను గూడ పిలువుండ్రి. రాత్రి డ్యూటీల సామాను ఏ బీరువాల ఉన్నదో, తాళం ఎవరి దగ్గరున్నదో తెలిసేది ఆమెకే.