మూతితో మేసే తుపాకీ గారికి

మహారాజశ్రీ .50 క్యాలిబర్ చౌక మజిల్‌లోడర్ (మూతిలోంచి మందు కూరే తుపాకీ) గారికి, పెన్సిల్వేనియాలో కాపురముంటున్న ఓ తెలుగువాడు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. పెరట్లో చిక్కుడు పాదు మాత్రం జింకల పాలైంది. మీరు షాపులో "కొత్త వేటగాళ్లకు అనువైనది" అనే అట్ట మెడకు కట్టుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

వచ్చిన పని చెప్పేస్తాను. అసలు మీ వయసెంత?

1968 నాటి అమెరికా గన్ కంట్రోల్ చట్టం ముందు నిలబడ్డప్పుడు మీరు పండు ముసలి. మందూ గుండూ మూతిలోంచే కూరుకోవాలి, తూటా పెట్టే వీలే లేదు, నేను పురాతన వస్తువునండీ అంటారు. చట్టం చేసినవాళ్లూ సరేనన్నారు. ఫెడరల్ లెక్కలో మీరు తుపాకీయే కాదు. అందుకే చాలా రాష్ట్రాల్లో మిమ్మల్ని చెప్పుల జతలా ఇంటికే పార్సిల్ తెప్పించుకోవచ్చు. (ఎడిసన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఈ సుఖం లేదు. న్యూజెర్సీ మీ నెరిసిన జుట్టును నమ్మదు, తుపాకీ కొనేవాళ్ల కార్డు చూపించమంటుంది.) ఈ చట్టం సంగతి జింకకు ఎవరూ చెప్పినట్టు లేదు, పాపం అది మామూలు తుపాకీ దెబ్బకు పడ్డట్టే పడుతుంది.

అదే షాపు గోడ మీదికి ఎక్కేసరికి మీరు నూనూగు మీసాల కుర్రాడు. సింథటిక్ స్టాకు (ప్లాస్టిక్ పిడి), మెరిసే బ్యారెలు, నెత్తిన గురి చూసే దుర్భిణి స్కోపు, కడుపులో షాట్‌గన్ తూటాలకు వాడే 209 ప్రైమరు, అంటే మందును రాజేసే చిన్న టోపీ. ఈ యవ్వనాన్ని జనంలోకి తెచ్చిన పుణ్యం మిస్సోరీకి చెందిన టోనీ నైట్‌ది. పక్కన ఎక్కడో పుట్టే నిప్పును మందుకు సూటిగా వెనకే పుట్టించే ఇన్‌లైన్ పద్ధతిలో 1985లో ఎంకే-85 రైఫిల్ తెచ్చాడు. అప్పటి నుంచి మీరు పాతకాలపు తుపాకుల కోసం విడిగా పెట్టిన వేట సీజన్లో కొత్త బట్టలు వేసుకుని తిరుగుతున్నారు.

మీ దాయాదులు మా వైపూ ఉన్నారు. నల్లమలలోనూ మన్యంలోనూ నాటు తుపాకీ అంటారు. తిండి ఇదే, తినే తీరూ ఇదే. లైసెన్సు లేకుండా దొరికితే 1959 ఆయుధాల చట్టం, దాంతో దుప్పిని కొడితే 1972 వన్యప్రాణి చట్టం. వాళ్లు పోలీస్ స్టేషన్ బల్ల మీద ఫొటో దిగుతుంటే మీరు థ్యాంక్స్‌గివింగ్ సేల్ కరపత్రంలో ఫొటో దిగుతున్నారు. జాతకం అంటే మీదండీ.

ఇక మీ ధర. అట్ట చూస్తే కడుపు నిండుతుంది. సీవీఏ కంపెనీ వుల్ఫ్ లాంటివి 250, 300 డాలర్ల మధ్య దొరుకుతాయి, అవేమీ తీసిపారేసే సరుకు కాదు కూడా. కానీ మీరు బిల్లు కౌంటరు దగ్గరికి ఒంటరిగా రారు కదా. మందు, ప్రైమర్లు, ప్లాస్టిక్ తొడుగు వేసుకున్న సాబో గుండ్లు, గుండును మూతిలోకి దిగ్గొట్టే స్టార్టరు, బ్రీచ్ ప్లగ్గుకు (గొట్టాన్ని వెనక మూసే బిరడా) గ్రీజు, తుడిచే గుడ్డ ముక్కలు, బ్రష్షు, సాల్వెంటు, అన్నీ వెంట వస్తాయి. స్కోపు కూడా కలిపితే మీ ధర ఇంకోసారి కట్టినట్టే.

ఒక్క మందు దగ్గరే కొత్తవాడి బుర్ర తిరుగుతుంది. అసలు బ్లాక్ పౌడర్ అంటే సురేకారం, బొగ్గు, గంధకం. దాని బదులుగా పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 ఉన్నాయి. చివరిది మంచిదే, గొట్టాన్ని అంతగా తినదు, కానీ ఖరీదెక్కువ. అది సరిగ్గా అంటుకోవాలంటే కొన్ని చౌక మోడళ్లకు బ్రీచ్ ప్లగ్గు మార్చుకోవాలి, అంటే ఇంకో బిల్లు. బ్లాక్ పౌడర్‌ను గ్రెయిన్లనే తూకపు లెక్కలో చెప్తారు గానీ తూకం వేయరు, చిన్న కొలత గొట్టంలో పోసి కొలుస్తారు. ఈ గోల పడలేనివాళ్లకు 50 గ్రెయిన్ల బిళ్లలు ఉన్నాయి. వంద గజాల లోపు జింకకు రెండు వేస్తే చాలు. మీ డబ్బా మీద మాత్రం 150 గ్రెయిన్ల "మ్యాగ్నమ్" అని ఊరిస్తుంటుంది, కొత్తవాడు మూడూ వేస్తాడు. భుజం వాస్తుంది, గురి చెదురుతుంది. మూడో బిళ్ల వల్ల బాగుపడేది బిళ్లల కంపెనీ ఒక్కటే.

పేల్చాక మొదలవుతుంది అసలు సేవ. బ్లాక్ పౌడర్ గానీ పైరోడెక్స్ గానీ కాలాక మిగిలే మసి గాలిలో తేమ పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. కాబట్టి జింక దొరికినా దొరక్కపోయినా ఆ సాయంత్రమే తమరికి వేడినీళ్ల స్నానం, ఆపైన నూనె మర్దనా. మీ యజమానికి ఆ భోగం ఎవరు చేస్తారో మరి. అందుకే నన్నడిగితే కొనేవాడు స్కోపులోంచి చూసే ముందు బ్రీచ్ ప్లగ్గును చేత్తో తిప్పి చూడాలి. రెంచీ లేకుండా ఊడి వస్తే సగం బేరం కుదిరినట్టే. మధ్యలోకి విరిచి తెరిచే బ్రేక్-యాక్షన్ అయితే తుడవడం ఇంకా తేలిక. సాబో గుండ్లు వాడేట్టయితే గొట్టం లోపల గుండును తిప్పే గాట్ల మెలిక 28 అంగుళాలకు ఒక చుట్టు ఉండాలి. పాత పద్ధతి గుండ్రటి సీసపు గుండుకు అది మరీ బిగువు, 66 అంగుళాలకు ఒక చుట్టు ఉన్నవి దాని కోసం. సెకండ్‌హ్యాండ్‌లో దొరికిందని సంబరపడే వాళ్లు ముందు గుండు కూరే కడ్డీ, అదే ర్యామ్‌రాడ్, దింపి లోతు చూసుకోవాలి. ఎప్పుడో కూరిన మందూ గుండూ లోపలే ఉండిపోయిన ముసలివాళ్లు మీలో కొందరున్నారు.

ఇంత చూసి కొన్నా మీ వయసు గొడవ తీరదు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోపు వద్దంటుంది, బిళ్లలు వద్దంటుంది, సాబో వద్దంటుంది. ఐడహో 209 ప్రైమరే వద్దంటుంది. మా పెన్సిల్వేనియా రెండు నాల్కలది. అక్టోబరులో కొమ్ముల్లేని జింకల సీజన్‌కు మిమ్మల్ని స్కోపుతో సహా రానిస్తుంది. క్రిస్మస్ మర్నాటి నుంచి మాత్రం మీ జాతిలో చెకుముకి రాయితో నిప్పు రాజేసే ఫ్లింట్‌లాక్ తప్ప ఏదీ పనికిరాదు, 1974 నుంచీ అదే వరస. పద్దెనిమిదో శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మన్ కమ్మరులు పొడుగు రైఫిళ్లు చేసిన నేల కదా, ఆ మాత్రం పౌరుషం ఉంటుంది. కాబట్టి అక్టోబరు కోసం చవగ్గా కొన్న మీరు మంచు పడే నాటికి అలమరలో కూర్చుంటారు, మీ యజమాని మళ్లీ షాపుకు బయల్దేరతాడు.

నా కోరిక ఒక్కటే. మీ మెడలోని అట్ట మీద ధర పక్కన, ఏ రాష్ట్రంలో ఏ నెలలో మీరు ముసలివారో, ఏ నెలలో కుర్రవారో కూడా అచ్చు వేయించండి. అది చదివి కొన్నవాడికి మీ 250 డాలర్లు నిజంగానే చవక.

ఇట్లు,
ఒక్క గుండు కోసం సంచెడు సామాను మోసే
భవదీయుడు

తా.క.: బ్యారెల్ మీద చెక్కిన "బ్లాక్ పౌడర్ మాత్రమే" అన్న అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయించండి. మామూలు రైఫిల్ తూటాల్లోని స్మోక్‌లెస్ పౌడర్ పోస్తే మీ గొట్టం పగిలి పట్టుకున్నవాడి చెయ్యి పోతుంది. నెత్తిన స్కోపు ఉన్నంత మాత్రాన మీరు నిజంగానే కుర్రాడని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.