కౌజుపిట్టకు కచ్చా కుట్టు

(19వ శతాబ్దం, చైనాలో చింగ్ చక్రవర్తుల ఏలుబడి. సూజౌ పట్టణంలో ఒక తాలూకా ఉప అధికారి ఇల్లు. కొలువులో అధికారులకు 9 శ్రేణులు. అంగీ ఛాతీ మీదా వీపు మీదా కుట్టుకునే చదరపు బిళ్ళలో పౌర అధికారులకు పక్షులు, సైనికాధికారులకు మృగాలు ఉండాలని మింగ్ వంశం వారు 1391లో పెట్టిన నియమాన్ని వీరూ కొద్ది మార్పులతో నిలుపుకున్నారు. చదువుకు రెక్కలు, కండకు కోరలు అన్నమాట. మన అధికారిది 8వ శ్రేణి, అంటే కౌజుపిట్ట.)

ఆయన: ఏమే, కొత్త అంగీకి గుండీలు పెట్టుకుంటూ ఉంటే పిట్ట కాలు ఊడి నా చేతికి వచ్చిందేమిటి? అంగీ ముందు వైపు నడిమికి తెరుచుకుంటుంది కనుక తల ఒక చెక్కలో, తోక ఇంకో చెక్కలో ఉండడం మామూలే గాని, పిట్ట మొత్తం ఇలా ఊగులాడడం నేనెక్కడా చూడలేదు.

ఆవిడ: ఊగులాడక ఏం చేస్తుందండీ? మబ్బులనూ అలలనూ సూర్యబింబాన్నీ గట్టిగా కుట్టి, పిట్టను మాత్రం విడిగా చేసి కచ్చా కుట్టుతో అతికించాను. మీకు 7వ శ్రేణి రాగానే దాన్ని పీకేసి జంటబాతును పెట్టుకుంటే, కొత్త బిళ్ళ ఖర్చు మిగులుతుంది.

ఆయన: పాత అంగీకీ 11 ఏళ్ళ పాటు కచ్చా కుట్టే వేశావు.

ఆవిడ: తప్పు నాదా? మా పుట్టింటివారు గుర్రమెక్కిన కోతిని పచ్చరాతిలో చెక్కించి ఇచ్చారు. 'గుర్రం మీద' అన్నా 'వెంటనే' అన్నా మన నోట 'మాషాంగ్' ఒకటే, కోతి అన్నా సామంతుడు అన్నా 'హోవ్' ఒకటే కనుక, అల్లుడు వెంటనే సామంతుడవుతాడని వారి ఆశ. ఇన్నేళ్ళలో ఆ కోతి గుర్రం దిగలేదు, మీరు కుర్చీ మారలేదు.

ఆయన: కౌజుపిట్టను చులకన చేయకు. దాని పేరులోని 'ఆన్', శాంతి అనే 'ఆన్' ఒక్కలాగే పలుకుతాయి. ఈ పిట్ట ఉన్న ఇంట్లో శాంతి ఉంటుంది.

ఆవిడ: శాంతా? మగవాళ్ళు నడుముకు కట్టుకున్న సంచుల్లో పెట్టుకు తిరుగుతూ, టీ దుకాణంలో పందెం కాసి కొట్లాడించేది ఏ పిట్టనండీ? పోయిన నెల మీరు 200 కాసులు పోగొట్టుకున్నది ఏ శాంతి మీద?

ఆయన: (దగ్గి) జంటబాతు కావాలంటున్నావు. దాంపత్యానికి గుర్తని పెళ్ళి దుప్పట్ల మీద కుట్టే ఆ బాతు సంగతి నీకు తెలుసా? ఆడబాతు గుడ్లు పొదుగుతూ ఉంటే, పిల్లలు బయటికి రాకముందే మగబాతు తన దారి తాను చూసుకుంటుంది.

ఆవిడ: అయితే ఆ బిళ్ళ మీకు అచ్చంగా సరిపోతుంది. నా మూడు కాన్పులప్పుడూ మీరు లెక్కల తనిఖీ అని పొరుగూళ్ళలోనే ఉన్నారు.

ఆయన: అది సరే, అంచున గబ్బిలాలు తలకిందులుగా ఉన్నాయేం?

ఆవిడ: గబ్బిలమూ 'ఫూ', అదృష్టమూ 'ఫూ'. తలకిందులు అంటే 'తావ్', వచ్చేసింది అన్నా 'తావ్'. తలకిందుల గబ్బిలం అంటే అదృష్టం వచ్చేసిందని.

ఆయన: ఎక్కడికి వచ్చిందట?

ఆవిడ: మా అక్క ఇంటికి. బావగారికి 5వ శ్రేణి ఇచ్చారు, ఛాతీ మీద ఎలుగుబంటి.

ఆయన: సంతకానికి కూడా గుమాస్తాను పిలిచే మనిషికి బిళ్ళ మీద ఎలుగుబంటి దేనికి? అద్దం చాలు. అన్నట్టు నీ అంగీ ఇటు చూపించు. భార్య పెట్టుకునేదీ భర్త హోదా బిళ్ళే కదా, పక్కపక్కన కూర్చున్నప్పుడు పిట్టలు రెండూ ఒకదాన్నొకటి చూసుకోవాలని ఆడవారి బిళ్ళలో పిట్టను ఎదురు వైపుకు తిప్పి కుడతారు. నీది నా పిట్ట చూసే వైపే చూస్తోందేమిటి? రేపు విందులో అందరి ముందూ నా పిట్ట నీ పిట్ట తోకను చూస్తూ కూర్చోవాలా?

ఆవిడ: కంగారు పడకండి, దానికీ కచ్చా కుట్టే వేశాను. మీకు బాతు వచ్చిన రోజున ఇటు తిప్పుతాను.