ఇంటి గొడవ ఎవరిది?

పేరున్న నటుడో ఆటగాడో భార్యను మోసం చేశాడని వార్త రాగానే మనవాళ్ళు రెండు జట్లవుతారు. "అది వాళ్ళింటి గొడవ, మనకెందుకు" అని కొందరు, "ఇక అతని మొహం చూడకూడదు" అని కొందరు. నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఇక్కడ మన సంఘం వనభోజనాల్లోనైనా ఇవే మాటలు. మనం అతన్ని దేనికి నమ్మామో మాత్రం ఎవరూ అడగరు.

అమెరికా గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ వివాహేతర సంబంధాలు 2009 చివర్లో బయటపడ్డాయి. అతనితో ప్రకటనలు చేయించుకున్న యాక్సెంచర్ ఆ డిసెంబరులోనే అతన్ని వదులుకుంది, నైకీ మాత్రం ఉండిపోయింది. ఆట సామాను అమ్మేవాళ్ళకి అతని ఆట చాలు. సలహాలమ్మే కంపెనీకి మాత్రం అతని మీద జనానికున్న నమ్మకమే పెట్టుబడి. 2019లో అతను మళ్ళీ మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ గెలిస్తే నేనూ సంతోషించాను. ఆ సంతోషం ఆటను చూసి, అంతే.

అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంగతి వేరు. 1998 డిసెంబరులో ప్రతినిధుల సభ ఆయన్ని అభిశంసించింది తన ఆఫీసులో చేరిన ఒక అమ్మాయితో ఉన్న సంబంధం గురించి ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడని, న్యాయానికి అడ్డుపడ్డాడని. 1999 ఫిబ్రవరిలో సెనేట్ ఆయన్ని విడిచిపెట్టింది. కానీ ఇంటర్న్‌గా చేరిన ఆ చిన్న వయసు అమ్మాయిని లోకం ఏళ్ళ తరబడి ఎగతాళి చేసింది. ఆయన దేశాధ్యక్షుడు. ఆ తేడా ఎంతమందికి పట్టింది? తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక "ఇంటి గొడవ" అనే మాట. మా నెల్లూరు జిల్లా ఆడవాళ్ళను తలుచుకుంటే ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. మొగుడు తాగొచ్చి కొట్టడం, కూలి డబ్బులు సారా కొట్లో పోయడం ఒకప్పుడు ఇంటి గొడవే. దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు ఆ గొడవ ఒక్కరింటిది కాదని తేల్చుకుని, ఊళ్ళోకి సారా రాకుండా అడ్డంపడ్డారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

గడప దాటాలో వద్దో తేల్చింది దెబ్బలు తిన్నవాళ్ళు. మోసపోయిన భార్య విషయంలోనూ నేను అదే అంటాను. ఆమె నోరు విప్పితే విందాం, మౌనంగా ఉంటే ఆమె జోలికి పోవద్దు. మనం చేసేది మాత్రం "ఆమే సరిగ్గా చూసుకుని ఉండదు" అని ఆమె మీదే తీర్పు చెప్పడం. ఈ మాట ఆడవాళ్ళ నోటా వింటున్నాను, అది మరీ బాధ.

మన కమిటీకి ఒక విన్నపం. ఉగాది సభకు నటుల్ని పిలవండి, నటనకు శాలువా కప్పండి. "ఆదర్శ భర్త, కుటుంబ విలువలకు ప్రతిరూపం" అని మాత్రం మైకులో చదవొద్దు. అతని ఇల్లు మనం చూడలేదు, వినేది మన పిల్లలు. ఈసారి అతిథి పరిచయం రాసే పని నాకివ్వండి. అతను చేసిన సినిమాల గురించి శ్రద్ధగా రాసిస్తాను.