నిరాడంబరతకూ లెక్క ఉంటుంది

నిరాడంబరంగా బతకాలనుకున్న చాలామంది మొదట చేసే పని షాపింగే. ప్లాస్టిక్ డబ్బాలు పోయి గాజు సీసాలొస్తాయి, పాలిథిన్ సంచులు పోయి గుడ్డ సంచులొస్తాయి. ఇల్లు చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఇంకా పనికొచ్చే డబ్బాను పారేస్తే దాని తయారీకి ఖర్చయిన ఇంధనం వెనక్కి రాదు. పైగా కొత్త సీసా కోసం కొలిమి మళ్లీ మండాలి.

సంచుల మీద డెన్మార్క్ ప్రభుత్వ పర్యావరణ విభాగం 2018లో ఒక లెక్క వేసింది. వాతావరణ మార్పు వరకే చూస్తే, ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే మామూలు పత్తి సంచిని 52 సార్లు వాడాలి. అన్ని కొలమానాలూ కలిపితే 7,100 సార్లు. ఈ రెండో అంకెను ఓజోన్ పొరకు జరిగే హానిని చూసే కొలమానమే అంత పైకి లాగింది. పైగా వీధుల్లో, సముద్రాల్లో చేరే ప్లాస్టిక్ ఆ లెక్కలో లేదు. కాబట్టి 7,100ను పక్కన పెడదాం. 52 మాత్రం మిగులుతుంది. వారానికోసారి చొప్పున సరిగ్గా ఏడాది. ఉచితంగా వచ్చిన పది సంచులు బీరువాలో ఉంటే పదేళ్లు!

‘కంపోస్టబుల్’, అంటే కుళ్లి ఎరువయ్యేది, అనే మాటతో ఇంకా పెద్ద చిక్కు. అలాంటి కప్పులు, చెంచాల్లో చాలావాటికి వాడే పీఎల్‌ఏ అనే మొక్కల నుంచి చేసిన ప్లాస్టిక్ కుళ్లాలంటే దాదాపు 58 డిగ్రీల వేడి వారాల తరబడి నిలవాలి. అది పారిశ్రామిక కంపోస్టు కేంద్రాల్లో సాధ్యం. ఇంటి కుప్ప అంత వేడెక్కాలంటేనే పొడవు, వెడల్పు, ఎత్తు మీటరుకు తగ్గకూడదు. వంటింటి పచ్చి చెత్త ఒక పాలైతే ఎండుటాకులు రెండు మూడు పాళ్లు పడాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు. గాలి ఆడక కుళ్లు వాసన కొడుతుంది, తిరగేసి ఎండుటాకులు కలపాలి. వాసన లేదు, వేడీ లేదంటే కుప్ప ఎండిపోయి ఉంటుంది, లేదా మరీ చిన్నదై ఉంటుంది. ఇవన్నీ కుదిరినా ఆ వేడి కొన్నాళ్లే. తొక్కలు మట్టయిపోతాయి, చెంచా చెంచాలాగే బయటపడుతుంది. పారిశ్రామిక కేంద్రంలోనే కుళ్లుతుందన్న సంగతి కప్పు మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటే ఉండొచ్చు. చదవకుండా పారేసినవాళ్లు అబద్ధమాడలేదు, తమకు అనుకూలమైనంతవరకే నమ్మారు. నిజాయితీ సాధారణంగా జారేది ఇలాంటి చోటే.

ఆదా కూడా అలాగే మోసం చేస్తుంది. ఆవిరి యంత్రాలు మెరుగై తక్కువ బొగ్గుతో నడిచినకొద్దీ మొత్తం బొగ్గు వాడకం పెరిగిందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే చూపించాడు. 60 వాట్ల పాత బల్బు పనిని ఎల్‌ఈడీ 10 వాట్లలోపే చేస్తుంది. చవకే కదా అని ఆరు పెడితే మీటరు మొదటికొస్తుంది.

స్మార్ట్‌ఫోన్ వల్ల వెలువడే కర్బనంలో అధిక భాగం దాని తయారీలోనిదే. దాని లిథియం బ్యాటరీ సామర్థ్యం, రకాన్ని బట్టి, 500 నుంచి 1,000 పూర్తి ఛార్జింగుల తర్వాత సుమారు 80 శాతానికి దిగుతుంది, ఎండలో వేడెక్కితే ఇంకా ముందే. అప్పుడు మార్చాల్సింది బ్యాటరీని, ఫోన్‌ని కాదు.

ఇక ఇల్లు ఖాళీ చేసి ‘దానం చేశాం’ అనేవాళ్ల విషయం. తీసుకునేవాళ్లకు ఆ వస్తువు అవసరమో కాదో ముందే అడగాలి. జిప్పు పోయిన సంచికి జిప్పు వేయించి, బొత్తాం ఊడిన చొక్కాకు బొత్తాం కుట్టించి ఇవ్వాలి. అంత ఓపిక పెట్టడానికి తగని వస్తువైతే, దాన్ని మన చెత్త కిందే లెక్కేసుకోవాలి.