మొజంజాహీకి ముస్తాబు, ముర్గీచౌక్‌కు గునపం

హైదరాబాద్‌లో పాత కట్టడాల మాట ఎత్తితే చాలు, అధికారులు మొజంజాహీ మార్కెట్ వైపు వేలు చూపిస్తారు. చూపించుకోదగ్గ పనే, కాదనం. 1935లో ఏడో నిజాం హయాంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన ఆ గ్రానైట్ మార్కెట్ మధ్యలో ఎంత అధ్వాన్నమైందో నగరవాసులకు చెప్పక్కర్లేదు. కమానులను మింగేసిన సైన్‌బోర్డులు, రాతిని ఆనుకుని రేకుల షెడ్లు, కారే పైకప్పు. 2018లో మొదలుపెట్టి 2020 ఆగస్టు నాటికి దాన్ని మళ్లీ మనిషిని చేశారు. గడియారం కింద ఐస్‌క్రీం దుకాణాలు అక్కడే ఉన్నాయి, బేరం అక్కడే సాగుతోంది.

అంటే, పాత మార్కెట్‌ను కూల్చకుండా బాగుచేయడం మనవాళ్లకు చేతనవును. మరి అదే సర్కారు, అక్కడ రిబ్బన్ కత్తిరించిన రెండేళ్లకే, చార్మినార్ పక్కనున్న ముర్గీచౌక్‌కు కూల్చి కట్టే ప్లాన్ ఎందుకు రాసింది? 2022 ఏప్రిల్‌లో సుమారు 36 కోట్ల రూపాయల పనికి శంకుస్థాపన కూడా చేసింది.

కాగితాల మీద అది మహబూబ్ చౌక్, ఆరో నిజాం పేరు మీద వెలసిన బజారు. జనం నోట్లో ముర్గీచౌక్. బోనుల్లో కోళ్లు, పావురాలు, చెవులు చిల్లులు పడే గోల. ఎదురుగా 1892లో అప్పటి ప్రధాని ఆస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం. లాడ్ బజార్ గాజులు చూడ్డానికి వచ్చినవాళ్లు నాలుగడుగులు ఇటు వేస్తే, పాతబస్తీ తన పని తాను చేసుకుంటూ కనిపించే చోటు ఇది.

కట్టడం శిథిలమైంది, వ్యాపారులకు సౌకర్యాలు కావాలి అనే వాదనలో నిజం లేకపోలేదు. కానీ శిథిలం కావడం ముర్గీచౌక్ ఒక్కదాని జబ్బా? మొజంజాహీదీ అదే జబ్బు. ఒకదానికి వైద్యం చేశారు, రెండోదానికి గోతి తవ్వారు. తేడా ఎక్కడుంది? ఒకటి నలుగురూ కార్లలో తిరిగే కూడలిలో ఉంది, ఇంకొకటి కోళ్ల బోనుల మధ్య ఉంది. ఇంతకు మించిన కారణం మాకైతే కనిపించడం లేదు.

అసలు శిథిలం అనేది రాత్రికి రాత్రి వచ్చిపడదు. పైకప్పు కారుతుంటే ఏళ్ల తరబడి పట్టించుకోరు. సున్నపు గోడ పెచ్చులూడితే సిమెంటు మెత్తుతారు. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు, లోపలి సున్నం గుల్లవుతుంది. ఆ తర్వాత ఇంజినీరు వచ్చి ప్రమాదకరం అని రాసి వెళ్తాడు. పాడుబెట్టింది ఎవరు, పాడైందని సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు?

ఈ రెండు నాల్కల ధోరణి మార్కెట్లతో మొదలైంది కాదు. వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న నిబంధనను, రెగ్యులేషన్ 13ను, 2015లో ఎత్తేశారు, 2017లో వారసత్వ చట్టం తెచ్చామని చెప్పుకున్నారు. 2019లో మొజంజాహీ రాళ్లు శుభ్రం చేస్తూనే, ఇంకోపక్క పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడతామన్నారు. హైకోర్టు అడ్డుపడింది కాబట్టి అది నిలిచింది. ప్రతి గోడకూ హైకోర్టు కాపలా కాయాలా?

పాత పోలికలతోనే కొత్తది కడతాం అనే సర్కారు మాట మరీ చోద్యం. అలాగైతే మొజంజాహీని కూడా పడగొట్టి అచ్చు అలాగే కట్టాల్సింది, ఎవరు వద్దన్నారు? ముర్గీచౌక్‌కు ఒప్పుకున్న లెక్క రేపు సికింద్రాబాద్‌లోని పాత మోండా మార్కెట్‌కూ వర్తిస్తుంది. అక్కడా రాసేందుకు ఒక ఇంజినీరు దొరక్కపోడు.

ముర్గీచౌక్ విషయంలో సర్కారు ఏ నివేదిక చూసి కూల్చివేతకు మొగ్గిందో, మరమ్మతుకు ఎంతవుతుందని లెక్క వేయించిందో బయటపెట్టాలి. అసలు లెక్కే వేయించకపోతే ఆ ముక్కైనా ఒప్పుకోవాలి. అదీ చేతకాకపోతే, అయ్యా, ఇకమీదట మొజంజాహీ ముందు నిలబడి వారసత్వం గురించి ఫొటోలు దిగడం మానండి.