నమూనా చూపించి ‘కొత్తగా ఆలోచించండి’ అంటే చాలదు

కాఫీ ఒలకని, చవకైన, వాడి పారేసే కప్పు డిజైన్ చేయాలి. స్ట్రా వాడకూడదు. డేవిడ్ జాన్సన్, స్టీవెన్ స్మిత్ 1991లో ప్రచురించిన పరిశోధనలో ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇచ్చిన పనుల్లో ఇదొకటి. కొందరికి ఒక నమూనా బొమ్మ కూడా చూపించారు. అందులో స్ట్రా ఉంది. ఆ బొమ్మ చూసినవాళ్లు, చూడనివాళ్లకంటే ఎక్కువగా స్ట్రాలు గీశారు, వద్దని రాసి ఉన్నా సరే! వేడి కాఫీ స్ట్రాతో పీలిస్తే నోరు కాలుతుందని ఎవరికి తెలియదు? గీసేటప్పుడు మాత్రం ఆ ఆలోచన రాదు. చూసిన నమూనాకే మనసు ఇలా అతుక్కుపోవడాన్ని డిజైన్ ఫిక్సేషన్ అంటున్నారు.

ఇది బద్ధకం కాదు, కాపీ కొట్టే బుద్ధీ కాదు. ఆలోచించమనగానే మనసు ముందు దగ్గర్లో ఉన్నదాన్నే అందుకుంటుంది. స్మిత్ బృందమే 1993లో ఊహాజీవుల బొమ్మలు గీయించింది. నాలుగు కాళ్లు, తోక, తలమీద యాంటెన్నాలున్న నమూనాలు చూపించి, వీటికి వీలైనంత భిన్నంగా గీయమన్నా అవే మళ్లీ వచ్చాయి. అయితే 2005లో క్రిసికు, వైస్‌బర్గ్ అనే పరిశోధకులు నమూనాలోని లోపాలేమిటో విడమరిచి, వాటిని వాడొద్దని చెబితే ఆ ప్రభావం పోయింది. ‘కొత్తగా చేయండి’ అనే మాటకీ, ‘ఇదిగో, ఇక్కడ తప్పుంది’ అని వేలు పెట్టి చూపడానికీ అంత తేడా ఉంది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టు మొదలయ్యేదే సీనియర్ల రిపోర్టుతో. అంధుల కోసం సెన్సర్ కర్ర ఏటా ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. ఆ రిపోర్టు ఇవ్వొద్దని నేననను. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సర్క్యూట్ ఎలా కలపాలో ఎవరో ఒకరు చూపించాలి కదా. కానీ ఇచ్చేటప్పుడు దాని లోపం కూడా చెప్పాలి: కర్రకు కిందివైపు బిగించిన సెన్సర్ నేలమీది రాయిని పసిగడుతుంది, తలకు తగిలే చెట్టుకొమ్మను పసిగట్టదు. ఈసారి సెన్సర్‌ను అక్కడ పెట్టకుండా ఆలోచించమనాలి. అంతకన్నా ముందు, కర్రతో రోజూ బస్సెక్కే మనిషి దగ్గరికి పిల్లల్ని పంపాలి. ఆయన్ని అడిగి తెలుసుకుని, సొంతంగా నాలుగు స్కెచ్‌లు వేశాకే పాత రిపోర్టు చేతికివ్వాలి. ప్రాజెక్టు టైటిల్ మీద సంతకం పెట్టేముందు గైడ్ అడగాల్సింది ఆ స్కెచ్‌లనే.